బర్గర్‌లోని ‘పింక్ స్లైమ్’ పిల్లలకు, కాలేయ రోగులకు ప్రమాదమా?

ప్రశ్న: మేం అమెరికాలో డాలస్ దగ్గర ఉంటున్నాం. మా బాబుకు పదకొండేళ్లు. స్కూల్లోనూ, స్నేహితుల ఇళ్లలోనూ బర్గర్లు తింటుంటాడు. నేనూ సూపర్‌మార్కెట్ నుంచి ప్యాక్ చేసిన బీఫ్ ఖీమా తెచ్చి వండుతుంటాను. ఈమధ్య మా వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. మాంసం తుక్కును అమ్మోనియాతో కడిగి ఖీమాలో కలిపేస్తారని, అది విషమని, దానివల్ల క్యాన్సర్ వస్తుందని అందులో చెప్పారు. మా మామగారు ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆయనకు లివర్ సిరోసిస్. ఒంట్లో అమ్మోనియా పెరగకుండా చూసుకోవాలని అక్కడి డాక్టర్లు చెప్పి పంపారు. ఆయనకు ఈ ఖీమా పెట్టవచ్చా? బాబు చేత బర్గర్లు మాన్పించాలా?
– ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: ఆ ఖీమాలో మిగిలే అమ్మోనియా వల్ల మీ బాబుకు గానీ, మీ మామగారికి గానీ హాని జరుగుతుందని నేను అనుకోవడం లేదు. బీఫ్ ఖీమా విషయంలో నిజంగా జాగ్రత్త పడాల్సింది అది సరిగా ఉడికిందా లేదా అన్న దాని గురించే. వీడియోలో చెప్పింది పూర్తిగా కల్పన కాదు, అలాగని దాన్నిబట్టి మీరు భయపడాల్సిన పనీ లేదు.

‘పింక్ స్లైమ్’ అంటున్న ఆ పదార్థం అసలు పేరు ‘లీన్ ఫైన్లీ టెక్స్‌చర్డ్ బీఫ్’. పశువును కోసి పెద్ద ముక్కలు తీశాక కొవ్వును అంటిపెట్టుకుని సన్నటి మాంసపు పీలికలు మిగిలిపోతాయి. వాటిని కత్తితో వేరుచేయడం ఎవరికీ గిట్టుబాటు కాదు. అందుకని ఆ కొవ్వు ముక్కలను సుమారు 38 డిగ్రీల సెల్సియస్‌కు వెచ్చబెట్టి, పాల నుంచి మీగడను వేరుచేసే యంత్రంలాగా గిర్రున తిరిగే యంత్రంలో వేస్తారు. కొవ్వు ఒకవైపుకు పోయి, దాదాపు 95 శాతం కొవ్వు లేని మాంసం మరోవైపు మిగులుతుంది. దక్షిణ డకోటాకు చెందిన బీఫ్ ప్రొడక్ట్స్ (ఇప్పటి పేరు ఎంపిరికల్ ఫుడ్స్) అనే సంస్థ ఈ మాంసానికి అమ్మోనియా వాయువును తగిలిస్తుంది. అది మాంసంలోని తేమతో కలిసి ఆమ్లగుణాన్ని తగ్గించడంతో బ్యాక్టీరియా చస్తుంది. వెంటనే మాంసాన్ని గడ్డకట్టించి, ఖీమా తయారుచేసేవారికి అమ్ముతారు. ఇదే పని కార్గిల్ సంస్థ అమ్మోనియాకు బదులు సిట్రిక్ ఆమ్లంతో చేస్తుంది. ఇలా తయారైన దాన్ని ఖీమాలో సాధారణంగా 15 శాతం వరకు కలుపుతారు. ఐస్‌క్రీమ్‌లా మెలికలు తిరిగిన గులాబీ రంగు ముద్ద ఫొటో ఒకటి మీ గ్రూపులోనూ తిరిగి ఉండవచ్చు. అది ఈ పదార్థానిది కాదు. అంతకుముందు అదే ఫొటో యంత్రంతో వేరుచేసిన కోడి మాంసమన్న పేరుతో చెలామణీ అయింది.

దీనికి ‘పింక్ స్లైమ్’ అని పేరు పెట్టింది బయటివాళ్లు కాదు, అమెరికా వ్యవసాయ శాఖలోనే పనిచేసిన జెరాల్డ్ జర్న్‌స్టైన్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త. 2002లో సహోద్యోగులకు రాసిన ఈమెయిల్‌లో ఆయన ఈ మాట వాడారు. అది విషమని ఆయన ఆరోపించలేదు. కండరం కన్నా బంధన కణజాలం (కండరాలను పట్టి ఉంచే నారలాంటి భాగం) ఎక్కువగా ఉన్న పదార్థాన్ని ‘గ్రౌండ్ బీఫ్’ అని అమ్మడం కొనేవారిని మోసగించడమేనన్నది ఆయన అభ్యంతరం. 2009 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ మరో కోణం బయటపెట్టింది. పాఠశాలల భోజన పథకం కోసం చేసిన పరీక్షల్లో బీఫ్ ప్రొడక్ట్స్ మాంసంలో 2005 నుంచి జబ్బు కలిగించే బ్యాక్టీరియాలు, అంటే ఈ.కోలై మూడుసార్లు, సాల్మొనెల్లా 48 సార్లు, బయటపడ్డాయని రాసింది. ఆ మాంసం పిల్లల కంచాల దాకా రాకముందే పట్టుబడింది. అయినా అమ్మోనియా తగిలిస్తే ఇక క్రిమి అన్నదే ఉండదన్న ధీమా మాత్రం నిలవలేదు. 2011లో బ్రిటిష్ వంటగాడు జేమీ ఆలివర్ టీవీలో వాషింగ్ మెషీన్‌లో మాంసపు తుక్కు తిప్పి, అమ్మోనియా పోసి చూపించాడు. మీకు వచ్చిన వీడియో బహుశా దాని తునకే కావచ్చు. చూసేవారికి కడుపులో తిప్పేలా ఉన్నా, కర్మాగారంలో జరిగేది అది కాదు.

2012 మార్చిలో ఏబీసీ న్యూస్ వరుస కథనాలతో గొడవ తారస్థాయికి చేరింది. పెద్ద సూపర్‌మార్కెట్లు ఈ పదార్థం కలిసిన ఖీమా అమ్మబోమని ప్రకటించాయి. ఇది లేని ఖీమాను ఎంచుకునే వీలును వ్యవసాయ శాఖ పాఠశాలలకు ఇచ్చింది. బీఫ్ ప్రొడక్ట్స్ సంస్థకున్న నాలుగు కర్మాగారాల్లో మూడు మూతపడి, 650 మందికి పైగా ఉపాధి కోల్పోయారు. సంస్థ వేసిన పరువునష్టం దావా 2017లో రాజీతో ముగిసింది. అందుకు సంబంధించి ఏబీసీ మాతృసంస్థ డిస్నీ తన లెక్కల్లో 17.7 కోట్ల డాలర్లు చూపింది. 2018 డిసెంబరులో ఈ పదార్థాన్ని ‘గ్రౌండ్ బీఫ్’గానే పిలవవచ్చని వ్యవసాయ శాఖ ఒప్పుకుంది. కాబట్టి ప్యాకెట్ మీద దీని పేరు ప్రత్యేకంగా కనిపించాలన్న నియమం లేదు. వైద్యుడిగా దీన్ని నేను ప్రమాదకర పదార్థం అనను గానీ, తినేవారికి తెలియజేయకుండా కలపడాన్ని మాత్రం సమర్థించలేను. ఇష్టం లేకపోతే మాంసం కౌంటర్ దగ్గర చక్ (పశువు భుజం దగ్గరి మాంసం) వంటి ముక్కను ఎంచుకుని, మీ ఎదుటే ఖీమా కొట్టించుకోండి. అది మీ మనసుకు తృప్తినిస్తుందే తప్ప, క్రిముల విషయంలో అదనపు రక్షణేమీ ఇవ్వదు.

క్యాన్సర్ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకంగానూ, ఎర్ర మాంసాన్ని బహుశా క్యాన్సర్ కారకంగానూ వర్గీకరించింది. ఇక్కడ ప్రాసెస్ చేయడమంటే ఉప్పు పట్టించడం, పొగబెట్టడం, నిల్వ రసాయనాలు కలపడం. సాసేజ్, బేకన్, హాట్‌డాగ్ ఆ కోవలోకి వస్తాయి. పచ్చి ఖీమా, అందులో ఈ పదార్థం ఉన్నా లేకున్నా, ఎర్ర మాంసం కిందికే వస్తుంది. పెద్దవారు వండిన ఎర్ర మాంసాన్ని వారానికి 350 నుంచి 500 గ్రాములకు మించకుండా చూసుకుంటే మంచిది. బాబు విషయంలో వారానికి ఒకటి రెండు బర్గర్ల గురించి నేను కంగారు పడను. స్కూల్లో హాట్‌డాగ్ ఎన్నిసార్లు తింటున్నాడో మాత్రం కనుక్కోండి.

అసలు ప్రమాదం ఈ.కోలై ఓ157 అనే బ్యాక్టీరియాది. ఇది పశువుల పేగుల్లో ఉండి, కోసేటప్పుడు మాంసం పైభాగానికి అంటుకుంటుంది. ముక్కగా కాల్చినప్పుడు పైనున్న క్రిమి వేడికి చస్తుంది. అదే మాంసాన్ని ఖీమా కొడితే పైనున్నది లోపలికి చేరుతుంది. పైగా ఒక్క బర్గర్ ప్యాటీలో అనేక పశువుల మాంసం కలిసి ఉండవచ్చు. 1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఒక బర్గర్ల సంస్థ సరిగా కాల్చని ప్యాటీలు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. ఆ మరుసటి ఏడాదే ఖీమాలో ఈ క్రిమి ఉంటే దాన్ని కల్తీగా పరిగణించాలని ప్రభుత్వం నిర్ణయించింది. మీరు భయపడుతున్న ఆ అమ్మోనియాను మాంసానికి తగిలించేది కూడా ఈ క్రిమిని చంపడానికే.

మన పద్ధతిలో నూనె పైకి తేలేదాకా వేయించి ఉడికించే ఖీమా కూరలో ఈ క్రిమి బతకదు. ఇబ్బందంతా పెరట్లో గ్రిల్ మీద కాల్చే ప్యాటీతోనే. రంగును నమ్మవద్దు. లోపల తగినంత వేడెక్కకముందే కొన్ని ప్యాటీలు గోధుమరంగుకు తిరుగుతాయి. వంట థర్మామీటర్ మొనను పక్క నుంచి ప్యాటీ మధ్యలోకి గుచ్చి చూస్తే 160 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 71 డిగ్రీల సెల్సియస్, కనిపించాలి. హోటల్లో బాబుకు ‘వెల్ డన్’ అని స్పష్టంగా చెప్పి ఆర్డర్ ఇవ్వండి. ఇంకొకటి, ఖీమాను జల్లెడలో వేసి ఉప్పు, పసుపు రుద్ది కుళాయి కింద కడిగే అలవాటు మనలో చాలామందికి ఉంది. దానివల్ల క్రిమి పోకపోగా, తుంపర్లు సింక్‌లోకి, పక్కనున్న కొత్తిమీర, కీరా ముక్కల మీదికి చేరతాయి. కడగకుండానే గిన్నెలో వేసి వండండి. ఫ్రిజ్‌లో పచ్చి ఖీమాను రెండు రోజులకు మించి ఉంచవద్దు.

బర్గర్ తిన్న మూడు, నాలుగు రోజులకు తీవ్రమైన కడుపునొప్పి, రక్తంతో కూడిన విరేచనాలు మొదలై, జ్వరం పెద్దగా లేకపోతే ఈ ఇన్‌ఫెక్షన్‌ను అనుమానించాలి. ఇలాంటప్పుడు చాలామంది ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న మాత్రలు తీస్తారు. విరేచనాలు ఆపే లోపెరమైడ్ గానీ, నార్‌ఫ్లాక్సాసిన్, టినిడజోల్ కలిసిన యాంటీబయాటిక్ మాత్రలు గానీ దయచేసి వేయవద్దు. ఈ జబ్బులో అవి మేలు చేయకపోగా, బ్యాక్టీరియా విషం ఒంట్లో మరింతగా చేరడానికి కారణం కావచ్చు. ఓ157 సోకినవారిలో 5 నుంచి 10 శాతం మందికి, ముఖ్యంగా చిన్నపిల్లలకు, ఎర్ర రక్తకణాలు చితికి, మూత్రపిండాలు దెబ్బతినే స్థితి వస్తుంది. మూత్రం తగ్గడం, ముఖం పాలిపోవడం, ఉబ్బడం కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇక మీ మామగారి విషయం. అమ్మోనియా మన ఒంటికి పరాయిది కాదు. మనం తినే మాంసకృత్తుల నుంచి, పేగుల్లోని బ్యాక్టీరియా నుంచి అది రోజూ పుడుతూనే ఉంటుంది. కాలేయం దాన్ని యూరియాగా మార్చి మూత్రంలోకి పంపుతుంది. సిరోసిస్‌లో ఈ పని మందగిస్తుంది కాబట్టి ఆయన డాక్టర్లు చెప్పిన మాట సరైనదే. కానీ పేగుల్లో తయారయ్యే దానితో పోలిస్తే ఖీమాలో మిగిలే అమ్మోనియా లెక్కలోకి రాదు. నన్ను కలవరపెట్టేది ఇంట్లోవాళ్లు భయంతో పెట్టే పత్యం. లివర్ జబ్బు అనగానే పప్పు, గుడ్డు, మాంసం అన్నీ మాన్పించి చారన్నంతో సరిపెడతారు. దాంతో కండ కరిగిపోతుంది. అమ్మోనియాను తగ్గించడంలో కండరాలకూ పాత్ర ఉంది కాబట్టి ఇది రెండు విధాలా నష్టం. సిరోసిస్ ఉన్నవారికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములన్న మాట. అందులో ఎక్కువ భాగం పప్పులు, పెరుగు, పాలు, గుడ్ల నుంచి వచ్చేలా చూడండి. అప్పుడప్పుడు బాగా ఉడికిన ఖీమా కూర కొద్దిగా పెట్టవచ్చు. కడుపులో నీరు చేరుతుంటే ఉప్పు బాగా తగ్గించాలి. ఆ కారణంగా బయటి బర్గర్లు ఆయనకు వద్దు. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు పాలు, రెండు ఇడ్లీల వంటిది ఏదైనా పెడితే తెల్లవార్లూ కడుపు ఖాళీగా ఉండదు.

అమ్మోనియా విషయంలో చూడాల్సింది ఆయన మలవిసర్జనను. లాక్ట్యులోజ్ సిరప్ రాసి ఉంటే రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనం అయ్యేలా మోతాదు సర్దుకోమని మీ డాక్టరు చెప్పే ఉంటారు. మలబద్ధకం, ఇన్‌ఫెక్షన్, నిద్రమాత్రలు ఆయనకు ఖీమా కన్నా ఎన్నో రెట్లు ప్రమాదకరం. పగలంతా మత్తుగా ఉండి రాత్రి మెలకువగా ఉండటం, మాట తడబడటం, చేతులు ముందుకు చాచి అరచేతులు పైకెత్తమన్నప్పుడు అవి టపటపా వాలిపోవడం, నల్లటి విరేచనం వంటివి గమనిస్తే ఆలస్యం చేయకుండా 911కు ఫోన్ చేసి, ఆయన వాడుతున్న మందులన్నింటినీ, ఇండియాలో ఇచ్చిన డిశ్చార్జ్ కాగితాలనూ వెంట తీసుకెళ్లండి.