డయ్యూ దీవి మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

గుజరాత్ తీరాన ఉన్న డయ్యూ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. పడ్డ శ్రమ తెలుస్తూనే ఉంది. అయితే ముందు సగంలో చరిత్ర, వెనక సగంలో చూడదగ్గ ప్రదేశాలు పెట్టావు. చదివేవాళ్లు మొదటి సగం దాటేసి రెండోదానికి వెళ్లిపోతారు. అంత చిన్న దీవిలో ఆ రెంటినీ విడదీయకూడదు. ప్రతి సంవత్సరాన్నీ ఏదో ఒక గోడకో, రాయికో, రేవుకో కట్టి చెప్పు.

నాయిదా గుహలతో మొదలుపెట్టి చూడు. "ప్రకృతి చెక్కిన అద్భుతం" అన్నావు, ఆ మాట తీసెయ్. పోర్చుగీసువాళ్లు కోటకు రాయి కోసుకున్న చోటని అక్కడివాళ్లు చెబుతారు. గోడల మీద నలుపలకలుగా కోసిన అంచులు కనిపిస్తాయి. అది మిలియొలైట్ అనే సున్నపురాయి. ఇసుక రేణువులంతటి సముద్రజీవుల గుల్లలు సున్నంతో అతుక్కుని గట్టిపడితే ఏర్పడింది. కొయ్యడానికి మెత్తగా ఉంటుంది, అందుకే ఉప్పుగాలికి పైపొర కొరుక్కుపోయి గుంటలు పడుతుంది. ఈ నాలుగు మాటలూ గుహల దగ్గరే చెప్పావంటే, తరవాత కోటగోడ దగ్గరికి వచ్చిన పాఠకుడు ఆ రాయిని తనే గుర్తుపడతాడు.

ఇక కోట. 1509లో యుద్ధం గెలిచి పోర్చుగీసువాళ్లు కోట కట్టారని రాశావు. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. ఆ ఏడాది ఫిబ్రవరి 3న పోర్చుగీసు వైస్రాయి అల్మైడా నౌకాదళం గెలిచిన మాట నిజమే, కానీ రేవు గుజరాత్ సుల్తాను చేతిలోనే ఉండిపోయింది. 1535లో మొఘల్ చక్రవర్తి హుమాయూన్ తరుముకొస్తుంటే పోర్చుగీసువాళ్ల సాయం కోసం అప్పటి గుజరాత్ సుల్తాను బహదూర్ షా కోటకు అనుమతి ఇచ్చాడు. 1537లో ఆ సుల్తాను డయ్యూ దగ్గరే, పోర్చుగీసు గవర్నరును కలిసి వస్తూ సముద్రంలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆపైన 1538లో, 1546లో ఆ కోట మీద రెండు ముట్టడులు. ఇవన్నీ వరసపెట్టి అప్పజెప్పకు. పాఠకుణ్ణి కందకం ఒడ్డున నిలబెట్టి చెప్పు. దీవి తూర్పు కొసన మూడువైపులా నీళ్లు, నేలవైపు రాతిలో తొలిచిన కందకం. ముట్టడిదారులకు పని ఎందుకంత కష్టమైందో ఆ చోటే చెబుతుంది. కాలువ ముఖాన నీళ్లమధ్య పడవలా నిలిచిన చిన్న కోట పానీ కోఠాను కూడా అక్కడినుంచే చూపించు.

చర్చిలకు ఒక పేరా చాలు. సెయింట్ థామస్ చర్చి మ్యూజియమైందనీ, సెయింట్ పాల్‌లో ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతున్నాయనీ చెబితే సరిపోతుంది.

హోకా చెట్లను పోర్చుగీసువాళ్లు ఆఫ్రికానుంచి తెచ్చారని విన్నదే రాసేశావు. కొమ్మలు చీలే ఈ తాడిజాతి చెట్టు మన పడమటి తీరంలో సహజంగా పెరిగేదేనని వృక్షశాస్త్రజ్ఞులు గుర్తించారు. ఊరిమాటను ఊరిమాటగానే రాసి, పక్కనే ఈ సంగతీ చేర్చు.

ఘోఘ్లా బీచ్‌ను దీవిలో కలిపేశావు. అది జిల్లాలోదే కానీ వంతెనకు అవతల, ప్రధాన భూభాగం మీద ఉంది. 2020లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది దానికే. గుర్రపునాడా ఆకారంలో ఉన్నది నాగోవా, అదైతే దీవిలోదే. పటం ముందుపెట్టుకుని ఒక్కో పేరూ సరిచూసుకో. 1961 డిసెంబరు 19న పోర్చుగీసు పాలన ముగిశాక డయ్యూను "గోవాలో భాగం" అనడమూ పొరపాటే. 1987 దాకా గోవా, డామన్, డయ్యూ మూడూ కలిసి ఒకే కేంద్రపాలిత ప్రాంతం. 2020 జనవరి 26నుంచి దాద్రా నగర్ హవేలీ కూడా డామన్, డయ్యూలతో కలిసింది.

ఖుక్రీ స్మారకాన్ని "సూర్యాస్తమయానికి మంచి చోటు" అన్నావు. పాకిస్తాన్‌తో యుద్ధంలో, 1971 డిసెంబరు 9న ఖుక్రీ అనే మన యుద్ధనౌకతో పాటు 18 మంది అధికారులు, 176 మంది నావికులు మునిగిపోయారు. కెప్టెన్ ముల్లా నౌకను వదిలి రాలేదు. ముందు ఆ సంఖ్యలు రాయి, సూర్యాస్తమయం ఊసు తరవాత.

ఫుదం దగ్గర గంగేశ్వర్‌లో అయిదు శివలింగాలను అలలు కడుగుతుంటాయి. పోటు మీద ఉన్నప్పుడు వెళ్తే నీళ్లే కనిపించవచ్చు. పోటునుంచి ఆటుకు సుమారు ఆరుగంటలు పడుతుంది, ఆ వేళ రోజురోజుకూ దాదాపు 50 నిమిషాలు జరుగుతుంది. అందుకని "ఉదయం ఎనిమిదికి వెళ్లండి" అన్న వాక్యం కొట్టేసి, ఆరోజు ఆటుపోట్ల పట్టిక చూసుకుని బయల్దేరమని రాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, ఈతకు దిగవద్దని కూడా అక్కడే చేర్చు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య