గోనెసంచిలో సీపీయూ

తమ్ముడూ,

నీ వ్యాసం, గేమ్ రెండూ అందాయి. గేమ్‌లో మిర్చి యార్డులో బస్తా మోసేవాడు మధ్యలో తుమ్మితే బస్తా జారిపోవడం భలే ఉంది, గుంటూరోడికి తప్ప తట్టదు. కానీ వ్యాసం చివర్లో "లినక్స్ వాడేవాళ్లకి ఇన్‌స్టాల్ ఎలాగో చెప్పక్కర్లేదు, వాళ్లే చూసుకుంటారు" అని రాశావు చూడు, అక్కడ ఒళ్లు మండింది నాకు.

ఎవరయ్యా చూసుకునేది? పాతికేళ్లుగా విండోస్ బదులు లినక్సే వాడుతున్నా, నిన్న రాత్రి నీ గేమ్‌తో గంటన్నర కుస్తీ పట్టా. నువ్వు డ్రైవ్‌లో పెట్టింది ఉత్త ఫైలు, దించుకుంటే దానికి రన్ అయ్యే పర్మిషన్ ఉండదు, డబల్ క్లిక్ చేస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు. టార్ చేసి, అంటే ఒక మూటగా కట్టి పెట్టుంటే పర్మిషన్ కూడా దాంతోపాటే వచ్చేది. సరే ఆ పర్మిషన్ ఇచ్చే సీహెచ్‌మాడ్ కమాండ్ కొట్టా, ఈసారి జీలిబ్‌సీ (లినక్స్‌లో ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ) 2.34 లేదంది. నాది డెబియన్ 11 అనే లినక్స్, అందులో ఉండేది 2.31, నువ్వేమో ఉబుంటు 22.04 అనే ఇంకో లినక్స్ మీద బిల్డ్ చేశావు, అంటే కోడ్‌ని నడిచే ఫైలుగా మార్చావు, అందులో 2.35. పాతదాని మీద చేసింది కొత్తదాంట్లో నడుస్తుంది, కొత్తదాని మీద చేసింది పాతదాంట్లో మొండికేస్తుంది, అంచేత ఎప్పుడూ దొరికినంతలో పాత సిస్టం మీదే బిల్డ్ చెయ్యి, ఆ పాత సిస్టంని నీ సిస్టం లోపలే విడిగా, కంటైనర్లో పెట్టుకున్నా చాలు. చివరికి పక్కింటి కుర్రాడి కొత్త లాప్‌టాప్ అడిగి తెచ్చుకుంటే తెరుచుకుంది, కానీ నల్లటి తెర! బొమ్మల్ని గేమ్ ఉన్న ఫోల్డర్లో కాకుండా టెర్మినల్లో మనం నిలబడ్డ ఫోల్డర్లో వెతుకుతోంది. గేములు రాసే ఎస్‌డీఎల్ లైబ్రరీలో గెట్‌బేస్‌పాత్ అని ఒక ఫంక్షన్ ఉంది, అది ఇందుకే. పక్కనే గెట్‌ప్రిఫ్‌పాత్ ఉంది, స్కోరు ఎక్కడ దాచాలో అది చెప్తుంది.

ఇవేవీ నీ సిస్టంలో కనపడవు, అదీ నా గోల. రాసేవాడు పరాయి సిస్టం ముందు కూర్చుని, ఒక్కో కమాండ్ కొట్టి చూసి రాయాలి.

అప్పట్లో నేనొక పత్రికలో లినక్స్ కాలమ్ రాసేవాణ్ణి. అన్నీ సోర్సు నుంచి కంపైల్ చేసుకునే రోజులు. కాన్ఫిగర్ అనే కమాండ్ పక్కన రెండు చిన్న గీతలు, ప్రిఫిక్స్ అని రాసిస్తే డీటీపీలో ఆ రెంటినీ కలిపి ఒక పొడుగు గీత చేశారు, అందంగా ఉంటుందట. అలా కొడితే కమాండ్ పనిచెయ్యదు. ఎడిటర్ గారికి ఫోన్ చేస్తే "గీతే కదండీ" అన్నాడు. వారం తిరక్కుండా ఆ కాలమ్ చూసి కొట్టిన ఒకాయన తెనాలి నుంచి సీపీయూని గోనెసంచిలో కట్టుకుని బస్సెక్కి బెజవాడ గవర్నర్‌పేటలో మా ఇంటికొచ్చేశాడు. కాఫీ తాగకుండా ముందు అది ఆన్ చెయ్యమన్నాడు. సవరణ వెయ్యమంటే ఎడిటర్ గారు జాగా లేదన్నారు, ఆ వారమే సినిమా పోస్టరు అరపేజీ వేశారు. ఇప్పటికీ మర్చిపోలా.

గేమ్‌ని ప్యాకేజీగా పంచడానికి ఫ్లాట్‌ప్యాకా స్నాపా అని అడిగావు. నీ గేమ్ నాలుగు ఎంబీ, ఫ్లాట్‌ప్యాక్ మొదటిసారి పెట్టుకునేవాడు దానికోసం వందల ఎంబీల రన్‌టైమ్, అంటే అది నడవడానికి కావాల్సిన లైబ్రరీల మూట దించుకోవాలి. యాప్ఇమేజ్ అనే ఇంకో పద్ధతి అయితే ఒక్క ఫైలే అని నేనూ సంబరపడ్డా, ఉబుంటు 22.04 వచ్చాక లిబ్‌ఫ్యూజ్2 అనే లైబ్రరీ లేక చాలావాటికి నోరు పెగల్లేదు. ఇప్పటికి టార్ చాలు. వ్యాసంలో మొదటి రెండు పేరాల్లో ఓపెన్ సోర్స్ చరిత్ర కొట్టెయ్.

మీ బాబాయి గారి జెరాక్స్ షాపులో పాత కంప్యూటర్ డబ్బా ఉందన్నావుగా, గేమ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఆయన చేతికియ్యి, నువ్వు మౌస్ ముట్టుకోకు. ఆయన ఎక్కడెక్కడ ఆగి నీ వైపు చూశాడో అవే వరసగా రాసి పంపు.