‘పెట్టుబడిదారీ’ ఏ గూటి మాట?

సందేహం: నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. పరీక్షలో ఒక విద్యార్థి ‘మన దేశంలో ప్రజాస్వామ్యం ఉంది, పెట్టుబడిదారీ వ్యవస్థ లేదు’ అని రాశాడు. రెండూ రెండు రకాల ప్రభుత్వాలని అతని ఉద్దేశం. దిద్దబోయి ఆగిపోయాను. పెట్టుబడిదారీ వ్యవస్థ ఆర్థికమా, రాజకీయమా? విధానం, వ్యవస్థ, వాదం అనే వాటిలో ఏది వాడాలి? ‘పెట్టుబడిదారి’ అని హ్రస్వంతో రాయవచ్చా?

సమాధానం: అది ఆర్థిక వ్యవస్థే. ఆ వాక్యాన్ని దిద్దవలసిందే. అయినా దిద్దే ముందు మీరు ఆగి ఆలోచించినందుకు సంతోషం. ఆ పొరపాటు పిల్లవాడిది కొంతే, మన మాటలది చాలా ఉంది.

ఒక మాట ఏ గూటికి చెందుతుందో తేలనప్పుడు నేను దాని ఎదురుమాటను వెతుకుతాను. ప్రజాస్వామ్యానికి ఎదురుమాటలు రాచరికం, నియంతృత్వం. ఇవన్నీ ‘పాలించేది ఎవరు?’ అన్న ప్రశ్నకు జవాబులు. పెట్టుబడిదారీ వ్యవస్థకు ఎదురుమాట సామ్యవాదం. ఇక్కడి ప్రశ్న వేరు: గనులు, మిల్లులు, యంత్రాలు ఎవరి సొత్తు? సరుకు తయారయ్యేది ఎవరి లాభం కోసం? ప్రశ్నలు రెండు కాబట్టి ఒక దేశం రెండింటికీ విడివిడిగా జవాబు చెబుతుంది. స్వీడన్‌లో ఎన్నికలూ ఉన్నాయి, ప్రైవేటు పెట్టుబడీ ఉంది. చిలీలో 1973లో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. ఆ తర్వాత 1990 దాకా సాగిన సైన్యాధిపతి పినోచెట్ పాలనలో ఓటుకు విలువ లేదు, ప్రైవేటు పెట్టుబడికి మాత్రం తలుపులు బార్లా తెరిచారు. చైనాలో అధికారం కమ్యూనిస్టు పార్టీదే, అయినా 1993లో ఆ దేశ రాజ్యాంగంలోనే ‘సోషలిస్టు మార్కెట్ ఆర్థిక వ్యవస్థ’ అన్న మాట చేరింది. పెట్టుబడిదారీ అన్నది ప్రభుత్వ రకమే అయితే ఈ మూడు దేశాలను వర్ణించడానికి మనకు మాటలే ఉండవు.

మరి గందరగోళం ఎక్కడిది? నా ఉద్దేశంలో ‘స్వామ్యం’ అన్న మాట దగ్గర మొదలయింది. ‘స్వం’ అంటే సొత్తు. సొత్తు గలవాడు స్వామి. కాని పాణిని ఈ మాటను సాధిస్తూ ‘స్వామిన్నైశ్వర్యే’ అన్నాడు. ఐశ్వర్యమంటే ఇక్కడ ఈశ్వరత్వం, అంటే అధికారం. సొత్తూ అధికారమూ ఒక్క మాటలోనే ముడిపడి వచ్చాయి. ప్రజాస్వామ్యంలో మనం తీసుకున్నది అధికారం అనే అర్థాన్ని. భూస్వామ్యంలో రెండు అర్థాలూ ఉన్నాయి, ఉండడమే న్యాయం. నిజాం రాజ్యంలో పెద్ద జాగీర్దార్లకు సొంత పోలీసు, సొంత న్యాయస్థానాలు ఉండేవి. శిస్తు వసూలు చేసుకునేదీ వాళ్లే. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా అక్కడి రైతుకు భూమి గలవాడూ తీర్పు చెప్పేవాడూ ఒకడే. అటువంటి చోట ‘ఇది ఆర్థికమా, రాజకీయమా’ అని అడిగినా ప్రయోజనం లేదు. పెట్టుబడిదారీ వ్యవస్థ ప్రత్యేకత ఏమిటంటే, ఆ రెంటినీ విడదీసింది. మిల్లు యజమాని కార్మికుణ్ణి పనిలోంచి తీసేయగలడు, జైలుకు పంపలేడు. మీ ప్రశ్న అడగడానికి వీలు కలిగిందే ఆ విడదీతతో.

భూస్వామ్యం, ప్రజాస్వామ్యం వరుసలోనే కొందరు ‘ధనస్వామ్యం’ అన్న మాటనూ పెట్టుబడిదారీ వ్యవస్థకు వాడారు. నేను వాడను. ‘ఓట్లు కొనడంతో ప్రజాస్వామ్యం కాస్తా ధనస్వామ్యమైంది’ అని సంపాదకీయాల్లో చదువుతుంటాం. అక్కడ దాని అర్థం డబ్బు చేసే పాలన. అది రాజకీయార్థం, ఆ మాటకు అదే తగిన చోటు.

ఇరుగుపొరుగు భాషల వాళ్లు ఏమన్నారో చూడండి. మరాఠీలో ‘భాండవల్‌శాహీ’, కన్నడంలో ‘బండవాళశాహి’. శాహీ అంటే షాల, అంటే రాజుల ఏలుబడి, రాచరికం. మరాఠీలో ప్రజాస్వామ్యం కూడా ‘లోక్‌శాహీ’యే! అక్కడి విద్యార్థి రెండింటినీ ఒకే గాటన కట్టడానికి మన విద్యార్థికంటే ఎక్కువ ఆస్కారముంది. తమిళులు ‘ముదలాళిత్తువం’ అంటారు. ‘ముదల్’ మన ‘మొదలు’కు తోబుట్టువు. మనమూ వడ్డీ పోగా మిగిలిన అసలును ‘మొదలు’ అనేవాళ్లమే. ఉర్దూలో ‘సర్మాయాదారీ’, అచ్చం మన మాట కూర్పే.

ఆ కూర్పులోనే మీ హ్రస్వ దీర్ఘాల సందేహానికి జవాబుంది. ‘పెట్టుబడి’ తెలుగు. రాబడి, దిగుబడి, చెల్లుబడి, పలుకుబడి దాని తోడివి. (డబ్బు మాటలూ పెత్తనం మాటలూ ఒకే తోక పెట్టుకుని తిరగడం నాకు ఎప్పుడూ వింతగా ఉంటుంది.) ‘దారు’ పారసీకం నుంచి వచ్చింది, ‘కలవాడు’ అని అర్థం: వాటాదారు, కౌలుదారు, చందాదారు. దానికి పారసీకపు ‘ఈ’ చేరితే ‘దానికి సంబంధించిన’ అన్న అర్థం వస్తుంది. జమీందారు మనిషి, జమీందారీ పద్ధతి. అలాగే పెట్టుబడిదారు మనిషి, పెట్టుబడిదారీ వ్యవస్థ. దీర్ఘం తప్పనిసరి.

ఇక విధానం, వ్యవస్థ, వాదం. తెలుగులో ఇవి మూడు వేర్వేరు పనులు చేస్తాయి, ఆ సౌకర్యాన్ని వదులుకోకూడదు. ‘విధానం’ చేసే తీరు. కూలికి మనుషులను పెట్టుకుని, అమ్మకం కోసం సరుకు తయారుచేసి, లాభాన్ని మళ్లీ పెట్టుబడిగా మార్చే తీరును ‘పెట్టుబడిదారీ ఉత్పత్తి విధానం’ అనాలి. 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో మార్క్స్ విరివిగా వాడిన మాటకు ఇదే సరైన తెలుగు. ‘వాదం’ నమ్మకం. ఆ పద్ధతే మంచిదని వాదించేవారిది పెట్టుబడిదారీవాదం. ‘వ్యవస్థ’ వీటికంటే పెద్దది. బ్యాంకులు, కంపెనీలు, ఒప్పందాలు, వాటిని అమలు చేయించే న్యాయస్థానాలు, అన్నీ అందులో ఉంటాయి.

రాజకీయం లోపలికి వచ్చేది ఈ ‘వ్యవస్థ’ అన్న మాటతోనే. మీ సంశయంలో ఉన్న నిజం కూడా ఇక్కడే ఉంది. కంపెనీ మునిగితే వాటాదారు తన వాటా మేరకే నష్టపోతాడు, అతని ఇల్లు వాకిలి జోలికి ఎవరూ రారు. ఈ రక్షణ బజారులో పుట్టలేదు. ఇంగ్లండులో 1855లో పార్లమెంటు చట్టం చేసి ఇచ్చింది. మన దేశంలో ఆస్తి హక్కు మొదట ప్రాథమిక హక్కు. 1978లో 44వ సవరణ దాన్ని ఆ జాబితాలోంచి తీసి 300ఎ అధికరణంలో మామూలు రాజ్యాంగ హక్కుగా ఉంచింది. సొత్తు అంటే ఏది, ఎంతవరకు అన్నది శాసనసభలు తేలుస్తున్నాయి. కాబట్టి అది ఆర్థిక వ్యవస్థే అయినా రాజ్యం నిలబెడితే నిలబడేది. ఈ సంబంధాన్ని మన పెద్దలు ఎరుగుదురు. కౌటిల్యుడు ‘అర్థశాస్త్రం’ అన్నది మనుషులు నివసించే భూమిని సంపాదించి పాలించే ఉపాయాన్ని. నేటి ఆర్థికశాస్త్రం దానిలో ఒక పాయ మాత్రమే.

అందుకే ‘పెట్టుబడిదారీ ప్రభుత్వం’ అని రాసేవారిని ఒక్క క్షణం ఆగమంటాను. పెట్టుబడిదారుల పక్షం వహించే ప్రభుత్వమని చెప్పదలచుకుంటే ఆ మాటే పూర్తిగా రాయండి. అది ఆరోపణ అవుతుంది, చదివేవాడు ఆధారాలు అడుగుతాడు. విశేషణంలో దాచేస్తే అడగడు.

విద్యార్థి వాక్యాన్ని ఇలా దిద్దండి: ‘మన దేశంలో ప్రభుత్వ పద్ధతి ప్రజాస్వామ్యం; ఆర్థిక వ్యవస్థ మిశ్రమం.’ మిశ్రమమంటే ప్రభుత్వ రంగమూ ప్రైవేటు రంగమూ కలిసి ఉన్నది. 1976లో మన రాజ్యాంగ పీఠికలో చేరిన ‘సామ్యవాద’ అన్న మాట చూసి అతను ‘లేదు’ అని రాసి ఉండవచ్చు. ఆ మాట అక్కడే ఉంది. 1991 తర్వాత ప్రైవేటు పెట్టుబడి భాగం పెరిగిందన్నదీ నిజమే. రెండూ అతనికి చెప్పండి.

మరొక్క మాట. జీతంలో మిగిల్చి నాలుగు షేర్లు కొన్న మనిషిని కూడా ఈమధ్య ‘పెట్టుబడిదారు’ అంటున్నారు. వాణిజ్య పుటల్లో ‘మదుపరి’ అన్న చక్కని మాట స్థిరపడింది. అతనికి అదే వాడండి.