ఎంపీసీ చదివిన అమ్మాయికి చరిత్రలో డిగ్రీ

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మా అమ్మాయి ఎంపీసీతో ఇంటర్ మంచి మార్కులతో పాసై, ఇప్పుడు చరిత్ర చదువుతానంటోంది. ముందు బీఎస్సీ చేయించి, తర్వాత ఎంఏ హిస్టరీకి పంపితే రెండు విధాలా పనికొస్తుందని మా ఆలోచన. మీరేమంటారు?

జవాబు: రెండేళ్ల కష్టం గోదావరిలో కలిసిపోతుందేమోనన్న మీ బెంగ అర్థమైంది. అయినా నేను బీఏ వైపే మొగ్గుతాను. ఆధారాలను పోల్చి చూడడం, పాత భాష చదవడం, సొంతంగా వాదించి రాయడం అలవడేది డిగ్రీ మూడేళ్లలోనే. ఎంఏలో చేరాక వాటిని ఓనమాల నుంచి నేర్చుకునే తీరిక దొరకదు.

నిర్ణయానికి ముందు ఒక ఆదివారం అమ్మాయిని ద్రాక్షారామం తీసుకెళ్లండి. దర్శనమయ్యాక భీమేశ్వరాలయంలోని శాసనాల దగ్గర ఆమెను కాసేపు వదిలేయండి. పక్కనుంచి వెలుతురు పడితే రాతిలో అక్షరాల గాట్లు తేటగా కనిపిస్తాయి. అఖండదీపానికి గొర్రెలను దానమిచ్చిన సంగతి ఇలాంటి శాసనాల్లో తరచూ ఉంటుంది. దీపానికి గొర్రెలెందుకని అడిగిందా, వాటి పాల నేతితోనే దీపం వెలిగేదని చెప్పండి. మంద ఎవరి దగ్గర ఉండేది, నెయ్యి ఎవరు కొలిచేవారు అని ఇంకా తవ్వి అడిగితే బీఏలో చేర్పించండి. ఈ రాయి ఏ రకం, ఇన్ని వందల ఏళ్లు ఎలా నిలిచింది అని అడిగితే మాత్రం భూగర్భశాస్త్రమో రసాయనశాస్త్రమో ప్రధానంగా బీఎస్సీ మేలు. పురావస్తు రంగంలో, కట్టడాల సంరక్షణలో ఆ చదువు అవసరం.

ఆమె నేర్చిన లెక్కలు ఎక్కడికీ పోవు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మన డెల్టా బతుకును ఎలా మార్చిందో తేల్చాలంటే ఆయకట్టు, శిస్తు, దిగుబడి పట్టికలతో కుస్తీ పట్టాలి. అంకెలు చూసి జంకని చరిత్ర విద్యార్థి దొరికితే ఏ ఆచార్యుడైనా సంతోషిస్తాడు.

ఉద్యోగం సంగతి దాపరికం లేకుండా చెబుతాను. బీఏ ఒక్కదానితో చరిత్రకారుల కొలువు రాదు. బీఈడీ చేస్తే సోషల్ టీచరు, ఎంఏ చేస్తే జూనియర్ లెక్చరర్ దారి ఉంటుంది. సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. అందులో చరిత్రను ఐచ్ఛికంగా తీసుకుంటే 500 మార్కులకు ఆమె చదువే అక్కరకొస్తుంది.

మన రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీలో ఒకే మేజర్ (ప్రధాన సబ్జెక్టు), దానికి తోడు మైనర్ (అనుబంధ సబ్జెక్టు) పద్ధతి వచ్చింది. కాలేజీకి వెళ్లినప్పుడు ఇప్పటి నిబంధనలేమిటో, చరిత్రతో పాటు స్టాటిస్టిక్స్ గానీ కంప్యూటర్స్ గానీ ఇస్తారో లేదో ఫీజు కట్టకముందే కనుక్కోండి.