అన్నీ కంఠతా వచ్చినా తెలుగులో మార్కులు ఎక్కడ పోతున్నాయి?

మీ పాప బెంగళూరు నుంచి వచ్చి ఏడాదైంది, ఇప్పుడు గుంటూరులో ఏడో తరగతి. పాఠాల వెనక ప్రశ్నలన్నీ కంఠతా వచ్చు, అయినా తెలుగు ఎఫ్ఏలో (బడిలో ఏడాదికి నాలుగుసార్లు పెట్టే నిర్మాణాత్మక మూల్యాంకనంలో) 50కి 29 వచ్చాయి. మాస్టారు కావాలని తగ్గిస్తున్నారా, ట్యూషన్ పెట్టించాలా అని అడిగారు. విడిగా చూస్తే భాగస్వామ్యం-ప్రతిస్పందనలకు 10కి 6, రాత పనులకు 10కి 7, ప్రాజెక్టుకు 10కి 8, లఘు పరీక్షకు 20కి 8 అని రాశారు. అలా విడగొట్టి రాయడం మంచి పని చేశారు. జవాబు అందులోనే ఉంది.

29 సంగతి కాసేపు పక్కన పెట్టి ఆ చివరి 8 చూడండి. మొదటి మూడూ ఇంట్లోనో తరగతిలోనో తీరిగ్గా, ఒకరి సాయంతో చేసేవి. వాటిలో 30కి 21 వచ్చాయి. లఘు పరీక్ష ఒక్కటే పాప ఒంటరిగా కూర్చుని, చూడని ప్రశ్నకు అప్పటికప్పుడు రాసేది. అక్కడ సగం కూడా రాలేదు. కంఠతా పట్టడం అక్కరకు రాని చోటే మార్కులు పోయాయన్నమాట. ఇది మాస్టారి కక్ష కాదు.

గ్రేడు లెక్క కూడా చెబుతాను. 29 అంటే 58 శాతం, సీ1. 71 శాతం నుంచి బీ1 మొదలవుతుంది, అంటే 50కి 36 కావాలి. తేడా 7 మార్కులు. నాలుగు ఎఫ్ఏలనూ కలిపి 20కి కుదించి, ఎస్ఏ (సంగ్రహణాత్మక మూల్యాంకనం, అంటే పెద్ద పరీక్ష) 80కి కలిపే బడుల్లో ఒక్కో ఎఫ్ఏ విలువ ఏడాది మొత్తం మీద 5 మార్కులే. అందులో పాపకు వచ్చింది 2.9. ఆ 7 మార్కులూ తెచ్చుకున్నా పెరిగేది 0.7. అందుకే ఎఫ్ఏ అంకె కోసం ఆరాటపడొద్దు. లఘు పరీక్షలో దెబ్బ తగిలినచోటే ఎస్ఏ 80లోనూ తగులుతుంది, భయపడాల్సింది దానికి.

లఘు పరీక్షలో ఏం అడుగుతారు? పాఠ్యపుస్తకంలో ఉన్న విభాగాలే: అవగాహన-ప్రతిస్పందన, వ్యక్తీకరణ-సృజనాత్మకత, భాషాంశాలు. మొదటిదాంట్లో తరచుగా పుస్తకంలో లేని పేరా ఒకటి ఇస్తారు. బట్టీ పిల్లలు సాధారణంగా బోల్తా పడేది ఇక్కడే. ఒక పేరా రాసి చూపిస్తాను:

"కల్లంలో ఆరిన మిరపకాయను రైతు టిక్కీలకెత్తి యార్డుకు తెస్తాడు. తాలుకాయ ఎక్కువుంటే ధర పడిపోతుంది. అందుకే ఇంట్లో ఆడవాళ్లు ముందే కూర్చుని తాలు ఏరేస్తారు. ఆ పని కూలి లెక్కల్లోకి రాదు."

టిక్కీ అంటే గోనెసంచి, తాలు అంటే రంగు పోయిన నాసి కాయ. దీని కింద నాలుగు ప్రశ్నలు. తాలు ఎందుకు ఏరతారు? "ఆ పని కూలి లెక్కల్లోకి రాదు" అంటే మీకేం అర్థమైంది? పేరాకు పేరు పెట్టండి. పేరా ఆధారంగా ఒక ప్రశ్న తయారుచేయండి.

మొదటిదానికి పిల్లలు రెండో వాక్యం, మూడో వాక్యం ఉన్నవున్నట్టు దింపేస్తారు. జవాబు అందులో ఉంది కాబట్టి మార్కు ఇస్తాం. రెండోదానికీ అలాగే చివరి వాక్యాన్ని మళ్లీ రాస్తారు. అక్కడ సున్నా. "ఇంటివాళ్లు చేసిన పనికి డబ్బు ఇవ్వరు, ఖర్చులో కూడా రాసుకోరు" అని పాప తన మాటల్లో ఒక్క ముక్క రాస్తే చాలు, పూర్తి మార్కు. పేరు పెట్టమన్నప్పుడు "మిరపకాయ" అని రాస్తే సగం మార్కే వస్తుంది, పేరా మిరపకాయ గురించి కాదు, దాని వెనక చాకిరీ గురించి. నాలుగోదాంట్లో పోయే మార్కులు చూస్తే బాధేస్తుంది. "రైతు ఎవరు?" అని రాస్తారు. దానికి జవాబు పేరాలో లేదు కాబట్టి ఆ ప్రశ్న చెల్లదు. "రైతు మిరపకాయను వేటికెత్తి యార్డుకు తెస్తాడు?" అని ఉండాలి. జవాబు ముందు అనుకుని, దాని కింద గీత గీసి, ఆ మాట బదులు "ఏమిటి, ఎవరు, ఎందుకు, వేటికి" పెట్టడం నేర్పండి. రోజుకు మూడు చొప్పున వారం చేస్తే ఈ మార్కు ఇక పోదు.

సొంత మాటల్లో రాయమన్న పెద్ద ప్రశ్నకు 8 మార్కులైతే మేము దిద్దేటప్పుడు విషయానికి 4, వాక్య నిర్మాణానికి 2, చెప్పిన వరసకు 1, అక్షరదోషాలు లేకపోతే 1 అని చూసుకుంటాం. బడిని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. గైడులోది దింపితే విషయం 4లో 2 మించి రావడం కష్టం, ఎందుకంటే 40 మంది కాగితాల్లో అదే మొదటి వాక్యం కనిపిస్తుంది. కంఠతా పట్టినవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. మధ్యలో ఒక్క మాట మర్చిపోతే మిగతా జవాబంతా ఆగిపోతుంది. కాగితం మీద సగంలో తెగిన వాక్యం కనిపించిందంటే అది బట్టీయేనని చూడగానే తెలుస్తుంది. ఇంట్లో చేయాల్సింది ఇది: పాఠం చదివాక పుస్తకం మూయించి, ప్రశ్నకు నోటితో నాలుగు మాటలు చెప్పించండి. ఆ నాలుగు మాటలూ అంచున రాసుకుని, ఒక్కోదానికి రెండేసి వాక్యాలు రాయాలి. ఏడో తరగతికి ఎనిమిది పది వాక్యాలు చాలు. పేజీలు నింపినందుకు మార్కులు లేవు.

కవి పరిచయం కూడా ఇలాగే. "ఈయన గొప్ప కవి, ఎన్నో గొప్ప రచనలు చేశారు" అని మూడుసార్లు తిప్పి రాస్తారు. అడిగేది నాలుగే సంగతులు: ఊరు, కాలం, రచనలు, గుర్తింపు. మన ఉమ్మడి గుంటూరు జిల్లా కవి జాషువానే తీసుకోండి. 1895లో వినుకొండలో పుట్టారు, గబ్బిలం, ఫిరదౌసి రాశారు, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్ అందుకున్నారు. రెండు వాక్యాల్లో పని అయిపోయింది. ఈ ఒక్కచోట మాత్రం కంఠతా పట్టాల్సిందే.

ఇక అక్షరాలు. మీరు బెంగళూరు అన్నారు కాబట్టి ఒక అనుమానం చెబుతాను, పాప నోటుపుస్తకం తీసి సరిచూడండి. అక్కడ కన్నడం చదివిన పిల్లలకు చ, స లాంటివి రెండు లిపుల్లో దగ్గరగా ఉండటంతో తెలుగు తొందరగా వచ్చేసినట్టు అనిపిస్తుంది. దెబ్బ కొట్టేవి క, త, శ. వీటి ఆకారం వేరు. దీర్ఘాలు ఇంకా ప్రమాదం. కన్నడంలో కీ, కే రాసేటప్పుడు దీర్ఘపు గుర్తు అక్షరం పక్కన విడిగా వస్తుంది, తెలుగులో నెత్తిమీదే మెలిక తిరుగుతుంది. అలవాటు లేని చెయ్యి ఆ మెలికను వదిలేస్తుంది. "వేడి" కాస్తా "వెడి" అవుతుంది, "తీరం" "తిరం" అవుతుంది. దిద్దేవాళ్లకు ఇది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది, నిజానికి లిపి అలవాటు. మాస్టారికి ఈ సంగతి తెలియకపోవచ్చు, తప్పకుండా చెప్పండి.

మనవైపు పిల్లలందరికీ ఉన్న తప్పులు వేరే ఉన్నాయి. కృష్ణ ఒడ్డునే ఉంటూ "క్రిష్ణా నది" అని రాస్తారు. వట్రుసుడి వేరు, గుడితో రాసే క్రి వేరు. "గుంటూరు"లో కొమ్ముదీర్ఘం పోయి "గుంటురు" అవుతుంది. నోట్లో వకారం పోగొట్టడం మన మాటతీరు: ఒచ్చాడు, ఎళ్లాడు, ఆళ్లు, ఇన్నాను. వ్యాసంలో, లేఖలో ఇవి రాస్తే దోషం కింద గీత పడుతుంది. అదే సంభాషణ రాయమన్నప్పుడు, కథలో పాత్ర మాట్లాడేటప్పుడు, ఆ మాటలు ఉంటేనే అందం, అక్కడ మార్కు తగ్గించకూడదు. ఇంటి మాటను తప్పని పాపకు ఎప్పుడూ చెప్పకండి. ఎక్కడ ఏది రాయాలో చెప్పండి చాలు.

ఒకే మాటను ఐదుసార్లు తప్పు రాస్తే ఐదుసార్లు మార్కు కోసేవాళ్లున్నారు. అది అన్యాయం. ఒకే తప్పును ఒక్కసారే లెక్కించాలి, సృజనాత్మక రచనలో అయితే ఆలోచనకే ముందు మార్కులు వేయాలి. మీ పాప కాగితంలో అలా జరిగి ఉంటే మర్యాదగా అడగండి, అందులో తప్పులేదు.

వ్యాకరణంలో మార్కులు తెచ్చుకోవడం అన్నిటికంటే తేలిక. ఎక్కువమంది సంధి పేరు సరిగ్గానే చెబుతారు, విడదీయడంలో పోగొట్టుకుంటారు. దేవాలయం అంటే దేవ + ఆలయం. "దేవ + అలయం" అని రాస్తే సగం పోయింది. మహేంద్రుడు అంటే మహా + ఇంద్రుడు, "మహ" కాదు. సూర్యోదయాన్ని "సూర్యో + దయం" అని విరిచేవాళ్లూ ఉన్నారు. విడదీశాక రెండు ముక్కలకూ విడిగా అర్థం ఉందా అని చూసుకోమనండి. "అలయం", "దయం" దగ్గర పాపే ఆగిపోతుంది. సూత్రం వందసార్లు చదివినదానికంటే ఈ ఒక్క అలవాటు ఎక్కువ పనికొస్తుంది.

లేఖలో రూపానికే రెండు మార్కులదాకా ఉంటాయి. కుడివైపు పైన ఊరు, తేదీ, తర్వాత సంబోధన, విషయం, కింద ఇట్లు, సంతకం, చిరునామా. వీధిలో మురుగుకాలువ గురించి కమిషనర్ గారికి రాయమంటే "ప్రియమైన కమిషనర్" అని మొదలుపెట్టకూడదు, "గౌరవనీయులైన కమిషనర్ గారికి" అనాలి. ఎక్కువమంది వదిలేసేది అసలు విన్నపాన్నే. దోమల గురించి అరపేజీ రాసి, కాలువ పూడిక తీయించమని అడగడం మర్చిపోతారు.

ప్రాజెక్టులో 8 వచ్చింది, బాగుంది. కానీ అది డీటీపీ సెంటర్లో రంగుల బొమ్మలతో అచ్చువేయించిందైతే వచ్చేసారి పద్ధతి మార్చండి. కొండపల్లి బొమ్మల మీద ప్రాజెక్టు ఇచ్చారనుకోండి, విజయవాడ పక్కనే కదా, ఒక ఆదివారం తీసుకెళ్లండి. తెల్లపొణికి చెక్క చేతిలోకి తీసుకుని ఎంత తేలికో చూడాలి. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు ఎలా పూస్తారో కళ్లారా చూసి, కళాకారుణ్ని ఐదు ప్రశ్నలు అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. చేతిరాతతో మూడు పేజీలు చాలు. సేకరించిన విధానం, తెలుసుకున్నది, తన అభిప్రాయం, ఈ మూడూ ఉంటే బొమ్మలు లేకపోయినా 9 వేస్తాం. పైగా ప్రశ్నలు తయారుచేయడం లఘు పరీక్షకూ సాధన అవుతుంది.

భాగస్వామ్యంలో 6 అంటే తరగతిలో నోరు తెరవడం లేదనో, చదివిన పుస్తకం మీద ప్రతిస్పందన పైపైన రాసిందనో అర్థం. "కథ చాలా బాగుంది" అన్నదానికి మార్కులు రావు. ఏ పాత్ర చేసిన ఏ పని నచ్చలేదు, తానైతే ఏం చేసేది అని రాయాలి. మీ జిల్లా గ్రంథాలయంలోనో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లినప్పుడో 30, 40 పేజీల పుస్తకం పాపనే ఎంచుకోనివ్వండి.

ట్యూషన్ ఇప్పుడే వద్దు. అక్కడ మళ్లీ ప్రశ్నలు జవాబులే వల్లెవేయిస్తే ఉన్న జబ్బు ముదురుతుంది. రెండు నెలలు రోజూ 25 నిమిషాలు ఇంట్లో కూర్చోండి. ఐదు నిమిషాలు దినపత్రికలో పది లైన్లు పైకి చదివించండి. ఐదు నిమిషాలు పది మాటల డిక్టేషన్, అందులో నాలుగు నిన్న తప్పు రాసినవే ఉండాలి. మిగతా 15 నిమిషాలు ఒకరోజు తెలియని పేరాకు ప్రశ్నలు, ఇంకోరోజు ఎనిమిది వాక్యాల సొంత రచన. తప్పు దగ్గర మీరు దిద్దకండి, పక్కన చుక్క పెట్టండి, పాపే దిద్దుకోవాలి. రాత పనులకు వేసే 10 మార్కుల్లోనూ ఆ దిద్దుబాటును చూస్తాం. ఎర్రసిరా కింద సరైన మాట లేని నోటుపుస్తకానికి 7 దాటవు.

మాస్టారిని కలిసినప్పుడు "మార్కులు ఎందుకు తగ్గించారు" అని మొదలుపెడితే మాట అక్కడే ఆగిపోతుంది. "మాస్టారూ, పాప లఘు పరీక్ష కాగితం ఒకసారి చూపిస్తారా, పేరాలో ఎన్ని పోయాయి, రచనలో ఎన్ని, భాషాంశాల్లో ఎన్ని?" అని అడగండి. ఆ మూడు అంకెలూ రాసుకుని రండి. పేరాలో సగానికి సగం పోయి ఉంటే, పది లైన్లు పైకి చదివించి ఎన్నిచోట్ల తడబడుతుందో లెక్కపెట్టండి. ఎనిమిది, పది చోట్ల ఆగుతుంటే అర్థం చేసుకోవడం కాదు, అక్షరాన్ని పోల్చుకోవడమే ఇంకా కుదరలేదు. అప్పుడు మొదటి నెలంతా రచన పక్కన పెట్టి గుణింతాలు, ఒత్తులున్న మాటలు చదివించండి. రెండు మూడు చోట్లే ఆగుతుంటే పైన చెప్పినట్టే సాగించండి. వచ్చే ఎఫ్ఏ తర్వాత అవే మూడు అంకెలు మళ్లీ అడిగి, పాతవాటి పక్కన రాసి పెట్టుకోండి.