ఇంగ్లీషు విద్యార్థుల ప్రతిభను సత్కరించే సభలో వారి రాతే వినిపించాలి

ఎం.ఏ. ఇంగ్లీషు విద్యార్థుల చదువునూ, సొంత రచనలనూ కలిపి ఒకే సభలో సత్కరించాలని ఉంది, ఆ సభ ఎలా జరిపితే బాగుంటుందని అడిగారు. హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయ ఇంగ్లీషు విభాగంలో పాఠాలు చెబుతూ ఏటా ఇలాంటి సభ ఏర్పాట్లలో పాల్గొంటున్న అనుభవంతో చెబుతున్నాను. ముఖ్య అతిథి ఎవరన్న చర్చ కంటే ముందు, విద్యార్థులు రాసిన దానిని సభలో వినిపించడానికి ఎంత సమయం ఇస్తారో తేల్చుకోండి.

బంగారు పతకాలు స్నాతకోత్సవంలో ఎలాగూ ఇస్తారు. విభాగం కూడా మార్కుల వరుసలోనే పేర్లు పిలిచి, శాలువా కప్పి, మెమెంటో ఇచ్చి పంపితే, ఆ విద్యార్థి ఏం రాశాడో పక్కన కూర్చున్న సహపాఠికి సైతం తెలియదు. అందుకే మా దగ్గర ఎంపికైన ప్రతి ఒక్కరూ తమ డిసర్టేషన్ (కోర్సులో భాగంగా రాసే పరిశోధన వ్యాసం) నుంచో, కథ నుంచో, కవితల నుంచో ఒక పేజీ చదువుతారు. అంతకు ముందు, పర్యవేక్షించిన అధ్యాపకులు ఆ రచనలో కొత్తగా ఉన్నదేమిటో రెండు మూడు వాక్యాల్లో చెబుతారు. 'చాలా బాగా రాసింది' అనడం సులువే గానీ, ఏది బాగుందో చెప్పాలంటే మేము మళ్లీ శ్రద్ధగా చదవక తప్పదు.

ఒక విద్యార్థిని ఆబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద అమ్మే పాత ఇంగ్లీషు పుస్తకాల గురించి డిసర్టేషన్ రాసింది. ఏ నవలలు ఎవరు కొంటున్నారు, లోపలి పేజీల్లోని పాత సంతకాలూ గ్రంథాలయ ముద్రలూ ఆ పుస్తకాల ప్రయాణం గురించి ఏం చెబుతున్నాయి అన్నది ఆమె అంశం. సభ ఆదివారం కాకపోవడంతో, ఆమెకు వివరాలు చెప్పిన పుస్తకాల వ్యాపారి కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. ఆమె ఒక పేజీ ఇంగ్లీషులో చదివి సారాంశం ఉర్దూలో చెప్పగానే ఆయన లేచి, తూకం లెక్కన కొన్న పుస్తకాలకూ, ఇళ్లకు వెళ్లి ఏరి తెచ్చుకున్న పుస్తకాలకూ ధర ఒకే విధంగా కట్టరని సవరించారు. ఆమె అక్కడికక్కడే ఆ మాట మార్జిన్‌లో రాసుకుంది. ఒక విద్యార్థి పరిశోధనకు అంతకు మించిన గౌరవం నేను చూడలేదు.

జిల్లాల నుంచి, తెలుగు మాధ్యమంలో చదువుకుని వచ్చినవారు మా తరగతుల్లో చాలామంది ఉంటారు. ఉచ్చారణకు ఎవరైనా నవ్వుతారేమోనన్న భయంతో వారు వేదిక ఎక్కడానికి వెనకాడతారు. వారితో ముందే ఒకటి రెండుసార్లు చదివించండి. వారి బహుమతికి 'ప్రోత్సాహక' అన్న పేరు మాత్రం పెట్టకండి. టాపర్ల జాబితాలో కనిపించని కథకులు, కవులు తరచుగా వీరిలోనే ఉంటారు.

చదివిన పేజీలన్నీ చిన్న పుస్తకంగా అచ్చు వేయించి, విభాగ గ్రంథాలయ రిజిస్టరులో నంబరు వేయించండి. ఫొటోకాపీ తీసి కుట్టించినా సరిపోతుంది. విద్యార్థి దశలో అచ్చులో కనిపించడం చిన్న విషయం కాదు. గురజాడ అప్పారావు విజయనగరంలో ఇంకా చదువుకుంటున్న రోజుల్లోనే, 1883లో, ఇంగ్లీషులో రాసిన 'సారంగధర' కావ్యం ఇండియన్ లీజర్ అవర్ పత్రికలో వచ్చింది. కలకత్తాలో రీస్ అండ్ రయ్యత్ పత్రిక నడుపుతున్న శంభుచంద్ర ముఖర్జీ దానిని మెచ్చి తన పత్రికలో తిరిగి ప్రచురించారు. తెలుగులో రాయమని ప్రోత్సహించిందీ ఆయనే. ఎక్కడో ఉన్న ఒక మంచి పాఠకుడికి ఆ యువకుడి రచన అందడానికి అచ్చే దారి అయింది.

సభను చివరి సెమిస్టరు పరీక్షలకు ముందే పెట్టండి. పరీక్షలు ముగిశాక హాస్టళ్లు ఖాళీ అయి, సన్మానం పొందవలసినవారే ఊళ్లకు వెళ్లిపోతారు. మొదటి సంవత్సరం విద్యార్థులను కూడా తప్పక పిలవండి. డిసర్టేషన్‌కు అంశం వెతుక్కోవలసిన వారికి ఆ రోజు వినే పేజీలు ఎంతో ఉపయోగపడతాయి.