పంపిన మెయిల్ చదివారో లేదో తెలుస్తుందా?

ప్రశ్న: ఉద్యోగానికి దరఖాస్తు మెయిల్ చేశాను. నాది మామూలు జీమెయిల్. అవతలివాళ్లు చదివారని తెలుసుకునే దారి ఉందా?

జవాబు: మామూలు జీమెయిల్‌లో ఆ సౌకర్యం లేదండీ. ఆఫీసు, కాలేజీ ఇచ్చే వర్క్‌స్పేస్ ఖాతాల్లో, అదీ అడ్మిన్ అనుమతిస్తేనే, ఉంటుంది. కంప్యూటర్‌లో మెయిల్ రాసే పెట్టె అడుగున మూడు చుక్కలు నొక్కితే ‘రిక్వెస్ట్ రీడ్ రిసీట్’ (చదివినట్లు రసీదు కోరడం) కనిపిస్తుంది. డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో అయితే ‘ఆప్షన్స్’ ట్యాబ్‌లో ఉంటుంది. ఏదైనా సరే, అవతలివాళ్లు రసీదు పంపకుండా ఊరుకోవచ్చు. కాబట్టి రసీదు రాలేదంటే చదవలేదని కాదు.

మెయిల్ తెరిచారో లేదో కనిపెట్టడానికి బ్రౌజర్‌కు జోడించుకునే ట్రాకింగ్ ఎక్స్‌టెన్షన్లు మెయిల్‌లో కంటికి కనిపించని ఒక్క పిక్సెల్ బొమ్మ పెడతాయి. అది సర్వర్ నుంచి లోడైతే ‘తెరిచారు’ అని లెక్క. బొమ్మలు ఆపేసుకున్నవాళ్లు చదివినా మీకు తెలియదు. ఆపిల్ మెయిల్‌లో 2021లో వచ్చిన ప్రైవసీ రక్షణ ఆన్‌లో ఉంటే, మనిషి తెరవకుండానే బొమ్మలు ముందే లోడవుతాయి. మీకేమో ‘తెరిచారు’ అని వస్తుంది! పైగా చాలా ఎక్స్‌టెన్షన్లు మీ మెయిల్స్ చదివే అనుమతి అడుగుతాయి. ఉద్యోగం కోసం అవి పెట్టుకోవద్దనే మా సలహా.

మెయిల్ చివర ‘అందినట్లు ఒక్క మాట తెలియజేయగలరు’ అని రాయండి. వారం చూసి, అదే మెయిల్‌కు రిప్లై కొట్టి మర్యాదగా గుర్తుచేయండి.